ముందు పాట వినండి, తర్వాత సమీక్ష మీద మాట్లాడండి

మీరు రెండు సంగతులు అడిగారు. జానపద పాటల మీద మీరు రాసే సమీక్షలు చదివిన ఒక దోస్తు "నీకు సంగీతం రాదు, ఎందుకు రాస్తున్నవ్" అన్నాడు, దాన్ని ఎట్లా తీసుకోవాలన్నది ఒకటి. ఇంకో స్నేహితురాలు తను రాసింది చూపించి ఎట్లుందో చెప్పమంటోంది, ఆమె మనసు నొప్పించకుండా నిజం ఎట్లా చెప్పాలన్నది రెండోది.

నేను హనుమకొండలో ఉంటాను. కొన్నేళ్లుగా మేం అయిదారుగురం ఆదివారం పొద్దున పబ్లిక్ గార్డెన్‌లో కూర్చుని, పాటల మీద ఒకరు రాసింది ఒకరం చదువుకుంటాం. సంగీతం నేర్చుకున్నవాళ్లు మాలో ఎవరూ లేరు. మీరు చెప్పిన రెండు వైపులా నేను నిలబడ్డాను.

ఒకసారి ఒక ఒగ్గుకథ (మల్లన్న, బీరప్ప లాంటి దేవుళ్ల కథలు పాడుతూ చెప్పే తెలంగాణ జానపద కళ) రికార్డింగు మీద రాశాను. "డప్పుల మోత గరుకుగా ఉంది. కథకుడు అన్న మాటనే పక్కవాళ్లు మళ్లీ మళ్లీ అంటుంటే విసుగొచ్చింది" అని. అప్పుడప్పుడు మా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన ఆ కాగితం చదివారు. వాళ్లింట్లో తాతల నాటి నుంచి డోలు ఉంది. కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "బిడ్డా, నువ్వు ఇన్నది డప్పు గాదు, డోలు. దేంట్ల ఇన్నవ్?" అన్నారు. ఫోన్‌లో విన్నానని చెప్పాను.

డప్పుకు ఒకటే ముఖం, మంట మీద కాచి బిగువు తెస్తారు. ఒగ్గుడోలుకు రెండు ముఖాలు, రెండు పక్కలా వాయిస్తారు. ఫోన్‌లో ఉండే చిన్న స్పీకరు కింది స్థాయి మోతను సరిగా పలికించలేదు. అందుకే డోలులోని ఆ బరువైన నాదం పోయి, పుల్ల తగిలే చప్పుడొక్కటే నా చెవిన పడింది. దాన్నే గరుకు అని రాశాను. ఇక నాకు విసుగు తెప్పించిందేమో వంత. కథకుడు విడిచిన మాటను వంతవాళ్లు అందుకుంటారు. మైకులు లేని కాలంలో వెనక కూర్చున్నోళ్లకు మాట చేరేది ఆ వంతతోనే, కథకుడికి ఊపిరి తీసుకునే సందు దొరికేదీ అక్కడే. రాత్రంతా చెప్పే కథకు అది వెన్నెముక. నేను దాన్ని తప్పు కింద లెక్కగట్టాను.

పెద్దాయన అంతటితో వదిలెయ్యలేదు. ఆ సంక్రాంతికి నన్ను ఐనవోలు మల్లన్న జాతరకు తీసుకుపోయి, డోళ్లకు పది అడుగుల దూరంలో నిలబెట్టారు. మోత చెవుల కన్నా ముందు పక్కటెముకలకు తగిలింది. ఇంటికొచ్చి సమీక్ష మొత్తం తిరగరాశాను.

నాకు దొరికిన విమర్శల్లో అంత మేలు చేసింది ఇంకోటి లేదు. "నీకు సంగీతం రాదు" అని ఆయన అనలేదు. ఎక్కడ తప్పు విన్నానో చూపించి, సరిగ్గా వినే చోటికి తీసుకుపోయారు. మీ దోస్తు మాటలో దిద్దుకోవడానికి ఏమీ లేదు, అందుకే అది అంతగా గుచ్చుకుంది. అయినా దాన్ని అట్లే వదిలెయ్యకండి. "ఏ లైను కాడ తప్పు విన్న?" అని అడగండి. "మోహన రాగం అని రాసినవ్, కానీ చరణంలో నిషాదం పలుకుతుంది గదా" అంటే, అది బంగారం లాంటి మాట. మోహనలో ఉండేవి అయిదు స్వరాలే. మధ్యమం (మ), నిషాదం (ని) ఉండవు. హుషారుగా ఉన్న ప్రతి పాటనూ మోహన అనడం మనలాంటి వాళ్లు తరచూ చేసే తప్పు. రాగం గట్టిగా తెలియకపోతే పేరు రాయకండి, చెవికి ఏం తోచిందో అది రాయండి. ఇంకోటి, విమర్శ వచ్చిన రోజే జవాబు చెప్పకండి. ముందు పాట మళ్లీ వినండి. "డప్పే" అని నేను రెండు రోజులు మొండిగా వాదించాను. ఆ రెండు రోజుల్లో రికార్డింగు ఒక్కసారి కూడా పెట్టుకోలేదు.

ఇక చెప్పే వైపు. ఇక్కడ నేను ఒకరిని గాయపరిచాను. మా దగ్గరికి కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు రాసింది అందరి ముందూ చదివి, "ఇందుల పస లేదు" అన్నాను. ఆ తర్వాత చాలా నెలలు అతను రాలేదు. ఒకరోజు ఆ కాగితం మళ్లీ దొరికింది. అందులో ఒక వాక్యం ఉంది: "రెండో చరణంలో గాయని మాట మధ్యలో ఊపిరి తీసుకుంది, అక్కడ అర్థం తెగింది." పాట పెట్టుకుని చూశాను. నిజమే, సరిగ్గా అక్కడే తెగింది. మా అందరిలో అది విన్నవాడు అతనొక్కడే. ఆ మాట అతనికి చెప్పకుండా పస లేదన్నాను. ఇంటికి పోయి క్షమించమని అడిగాను. ఇప్పుడు వస్తున్నాడు.

అప్పటి నుంచి సమీక్ష చదవకముందే పాట ఒకసారి వింటాను, చదివాక ఇంకోసారి. రాసినవాళ్లు నిజంగా విన్న వాక్యం ఏదో వెతికి, ముందు దాని గురించే మాట్లాడతాను. చేదు మందు మీద చక్కెర పూత కోసం కాదు. ఇట్లాంటివి ఇంకా రాయాలని వాళ్లకు తెలియాలి గదా. తర్వాత ఏ పాటకైనా అతికే వాక్యాలకు పెన్సిలుతో గీత పెడతాను. "సంగీతం వినసొంపుగా ఉంది", "గాయని ప్రాణం పోసింది" లాంటివి. పాట పేరు తీసేసి చదివితే అది వేరే పాటకూ సరిపోతే, అక్కడ వినికిడి లేదన్నట్టే. కొట్టెయ్యమని చెప్పను. "ఇది రాసేటప్పుడు పాటలో ఏ చోటు నీ మనసులో ఉంది?" అని అడుగుతాను. ఒకామె కాసేపు ఆలోచించి, "పల్లవిలో తకిట తకిట అని నడిచే డోలు చరణంలో ఆగిపోతది, గొంతు ఒక్కటే మిగుల్తది, అక్కడ" అంది. అదే రాయమన్నాను. రాసింది.

మీ స్నేహితురాలితో మాత్రం ఒంటరిగా మాట్లాడండి, నలుగురిలో వద్దు. ఆమెకు నచ్చిన పాట మీకు నచ్చకపోతే అది అభిరుచి, దాని మీద వాదన పెట్టకండి.

ఏ పాట గురించి దోస్తు అట్లా అన్నాడో దాని పేరు, మీరు రాసిన సమీక్ష రెండూ నాకు పంపండి. ఈ ఆదివారం ముందు పాటే వింటాను, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని.