కొత్త వంగడాలు వచ్చినా చిన్న రైతుకు ఎందుకు అందవు?

చిక్కు వంగడంలో కంటే, ఏ సమస్యపై పరిశోధన చేయాలో ఎవరు తేలుస్తారన్న దాంట్లోనే ఎక్కువ. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్‌8 అనే వరి వంగడాన్ని విడుదల చేసింది. దిగుబడి బాగా పెరిగింది, కానీ ముందుగా లాభపడింది నీళ్లు, ఎరువు, అప్పు దొరికే రైతే. వర్షాధార పొలాలు, జొన్న, కర్రపెండలం లాంటి పంటలు వెనకబడ్డాయి.

ఇండోనేషియా సంగతి ఇంకా ఆసక్తికరం. సబ్సిడీ మీద వచ్చిన పురుగుమందులు, వరి రసం పీల్చే పురుగైన సుడిదోమను తినే సాలీళ్లను కూడా చంపేశాయి, దాంతో దోమ మరింత చెలరేగింది. 1986లో ప్రభుత్వం వరిలో 57 మందులను నిషేధించింది. తర్వాత సబ్సిడీ కూడా ఎత్తేసింది (మందుల వ్యాపారులకు ఇది నచ్చుతుందా మరి!). 1989లో రైతులు పొలంలోనే చూసి నేర్చుకునే పొలంబడులు మొదలయ్యాయి. మందు కొట్టాలా వద్దా అన్నది రైతులే పురుగులను లెక్కపెట్టి తేల్చుకునేవారు.