అప్పు చేసి దోహా వద్దు, ఏడాది ఆగి వెళ్లండి

ప్రశ్న: జగిత్యాల దగ్గర ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. నాకూ నా భార్యకూ కలిపి నెలకు 60 వేలు వస్తాయి. 2 లక్షల ఎఫ్‌డీ ఉంది. తమ్ముడు పదేళ్లుగా ఖతార్ రాజధాని దోహాలో ఏసీ మెకానిక్. అమ్మను తీసుకుని ముగ్గురం ఐదు రోజులు వెళ్లి రావాలని ఉంది. లక్షన్నర పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? అక్కడ బంగారం కొంటే కొంత కలిసొస్తుందా?

జవాబు: తప్పకుండా వెళ్లండి. చిన్నకొడుకు పదేళ్లు కష్టపడ్డ ఊరిని అమ్మగారు కళ్లారా చూడటాన్ని నేను దుబారా అనను. లోన్ మాత్రం వద్దు. 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 5,130 కిస్తీ. వడ్డీకే 34 వేలకు పైగా పోతుంది. అదే నెలకు 12 వేలు ఏడాదిపాటు ఆర్‌డీలో (బ్యాంకులో నెలనెలా కట్టే పొదుపు) వేస్తే లక్షన్నర దగ్గరికి వస్తుంది. కష్టమైతే 8 వేల చొప్పున ఏడాదిన్నర వేయండి. ఎఫ్‌డీని ముట్టుకోకండి, అది ఇంటి ఆపదలకు.

జూన్, జూలైల్లో టికెట్లు చవగ్గా కనిపించినా వద్దు. ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పెద్దావిడ తట్టుకోలేరు. డిసెంబరు, జనవరి హాయిగా ఉంటాయి.

ఖర్చంతా విమానం, హోటల్ దగ్గరే. తమ్ముడిది కంపెనీ రూమ్ అయితే మీరు అక్కడ ఉండటం కుదరదు. ఊరు తిరగడానికి పెద్దగా ఖర్చవదు. మెట్రోలో ఒక ప్రయాణానికి 2 రియాళ్లు (ఖతార్ కరెన్సీ), రోజంతా తిరిగితే 6. సూఖ్ వాకిఫ్ అనే పాత బజారులో మసాలా దినుసుల అంగళ్లు, డేగలు అమ్మే దుకాణాలు చూడొచ్చు. అక్కణ్నుంచి కార్నిష్ అనే సముద్రతీరపు బాట మీదికి నడిస్తే ఒడ్డున పాతకాలం చెక్క పడవలు, నీళ్లకు అవతల వెస్ట్ బే అద్దాల మేడలు. వీటికి టికెట్ లేదు. డబ్బు పెట్టి ఒక్కటే చూడాలంటే 2019లో తెరిచిన నేషనల్ మ్యూజియం చూడండి. ముత్యాల కోసం సముద్రంలో మునిగిన కుటుంబాల నుంచి గ్యాస్ సంపద దాకా ఆ దేశం కథంతా అక్కడుంది.

బంగారంతో ఖర్చు రాబట్టాలనుకోవద్దు. సుంకం లేకుండా నగలు తెచ్చుకునే వీలు విదేశంలో ఏడాదికి మించి ఉన్నవారికే. ఐదు రోజులకు వెళ్లిన మీకు వర్తించదు.

రియాల్ విలువ డాలరుకు 3.64 చొప్పున కట్టేసి ఉంటుంది. డాలరు పెరిగితే మీ ఖర్చూ పెరుగుతుంది కాబట్టి పదివేలు అదనంగా ఉంచుకోండి. కార్డు మెషిన్ రూపాయలా, రియాళ్లా అని అడిగితే రియాళ్లే ఎంచుకోండి. సందర్శకులకు అక్కడ తప్పనిసరైన ఆరోగ్య బీమా అత్యవసర వైద్యానికే. అమ్మగారికి బీపీ, షుగర్ ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పి, ఇక్కడే వేరే ట్రావెల్ పాలసీ తీసుకోండి.

టికెట్లు కొనేముందు తమ్ముడితో మాట్లాడి, అతనికి సెలవున్న శుక్రవారం మీ ఐదు రోజుల్లో పడేలా చూసుకోండి.