డీకోడర్ తెరిచే ముందు పేజీ చదువు

చిరంజీవికి ఆశీస్సులు.

పజిల్ ఆటలో ఒక లెవెల్ దగ్గర ఇరుక్కున్నానని, దొరికిన ప్రతి డీకోడర్‌లోనూ ఆ అక్షరాలు వేసి చూస్తున్నానని రాశావు. ఆ పని మానెయ్. ఎవరూ విప్పలేని పజిల్ పెడితే పెట్టినవాళ్ళకే దండగ. అందుకని ఏ సైఫరో (అక్షరాల్ని రహస్యంగా మార్చే పద్ధతి), దాని కీ (విప్పడానికి కావాల్సిన మాట లేదా అంకె) ఏమిటో ఆ పేజీలోనే ఏదో మూల చెప్పి ఉంచుతారు. ముందు అది పట్టుకోవాలి.

ఫోన్‌లో ఆడకు, కంప్యూటర్ ముందు కూర్చో. పేజీ శీర్షిక, అడ్రస్, బొమ్మ ఫైల్ పేరు ఓ కాగితం మీద రాసుకో. కంట్రోల్-ఎ కొట్టి పేజీ మొత్తం సెలెక్ట్ చేస్తే, వెనక రంగులోనే కలిసిపోయేలా రాసిన అక్షరాలు బయటపడతాయి. కంట్రోల్-యు కొడితే సోర్స్, అంటే పేజీ వెనకున్న కోడ్, వస్తుంది. తెర మీద కనబడని కామెంట్లు అందులో ఉంటాయి. అయితే సోర్స్‌లో ఉండేది సర్వర్ పంపింది మాత్రమే. స్క్రిప్ట్ (పేజీలో నడిచే ప్రోగ్రాము) నడిచాక పుట్టింది చూడాలంటే ఎఫ్12 నొక్కి డెవలపర్ టూల్స్ తెరవాలి. చాలామంది ఒకటి చూసి రెండోది వదిలేస్తారు. సోర్స్ అట్టడుగుదాకా వెళ్ళు. వందల ఖాళీ లైన్ల కింద ఒక్క లైను దాచడం పాత ఎత్తే, ఇప్పటికీ పనిచేస్తోంది.

బొమ్మ ఉంటే ఒరిజినల్ ఫైలే దించుకో. స్క్రీన్‌షాట్‌లో పిక్సెళ్ళు తప్ప ఇంకేమీ రావు. మెసేజింగ్ యాప్‌లో పంపుకుంటే అది మళ్ళీ కుదించి, లోపలి వివరాలు ఊడగొట్టేస్తుంది. దించిన ఫైల్‌ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చివర చూడు. జేపెగ్ ఫైల్ ఎఫ్ఎఫ్ డి9 అనే రెండు బైట్లతో (టెక్స్ట్ ఎడిటర్‌లో ÿÙ లా కనబడొచ్చు) ముగియాలి. ఆ తర్వాత ఏమైనా ఉందంటే ఎవరో అతికించారన్నమాట. అది పి, కె అక్షరాలతో మొదలైతే జిప్ ఫైల్; పేరు చివర జిప్ అని మార్చి తెరిచి చూడు. పిఎన్‌జి అయితే ప్రతి పిక్సెల్ రంగు విలువలోని ఆఖరి బిట్‌లో సందేశం దాచవచ్చు. జేపెగ్ కుదింపులో ఆ బిట్లు నిలవవు కాబట్టి అక్కడ అలా వెతకడం వృథా, దానికి వేరే ప్రోగ్రాములు ఉన్నాయి. ఆడియో ఫైల్ అయితే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్లో వేసి స్పెక్ట్రోగ్రామ్ (శబ్దాన్ని బొమ్మగా చూపే) వ్యూ పెట్టు. చెవికి రొదలా తోచింది కంటికి అక్షరాలై కనబడొచ్చు.

పజిల్ తన దారి తానే ఎలా చెబుతుందో చూడాలంటే 2012 జనవరిలో వచ్చిన సికాడా 3301 అనే ఇంటర్నెట్ పజిల్ మొదటి మెట్టు చాలు. బొమ్మని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే చివర్లో టైబీరియస్ క్లాడియస్ సీజర్ చెబుతున్నాడంటూ ఒక అర్థంలేని లైను. సీజర్ అంటే అక్షరాలు జరిపే సైఫర్. క్లాడియస్ రోమ్‌కు నాలుగో చక్రవర్తి, కాబట్టి జరపాల్సింది నాలుగు స్థానాలు. లైను మొదట్లో ఉన్నవి ఎల్, ఎక్స్, ఎక్స్, టి, ఆ తర్వాత >33. ఆస్కీ పట్టికలో (ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక అంకె ఇచ్చే పట్టిక) నాలుగేసి వెనక్కి జరిపితే హెచ్, టి, టి, పి, ఆపైన :// వస్తాయి. అంటే అది లింకు. ఆ లింకు ఒక బాతు బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, దారి తప్పావని వెక్కిరిస్తుంది. ఆ వెక్కిరింపు వాక్యంలోనే గెస్, ఔట్ అనే రెండు మాటలున్నాయి. ఔట్‌గెస్ అన్నది జేపెగ్‌లో దాచిన సందేశం తీసే ప్రోగ్రాము. తప్పుదారి పలకని కూడా చదవాల్సిందే.

ఇక సైఫర్ సంగతి. విప్పబోయే ముందు లెక్కపెట్టు. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు కలగాపులగంగా ఉండి, చివర ఒకటో రెండో = గుర్తులుంటే బేస్64 (దేన్నైనా 64 గుర్తులతో రాసే పద్ధతి). చిన్న ఎ, పెద్ద హెచ్, పెద్ద ఆర్, సున్నాతో మొదలైతే దాదాపుగా అది లింకే. సున్నా నుంచి తొమ్మిది, ఎ నుంచి ఎఫ్ వరకే వాడితే హెక్స్ (పదహారు గుర్తుల లెక్క). రెండే రకాల గుర్తులుంటే (లావు అక్షరం, సన్న అక్షరం కూడా రెండు రకాలే) మొత్తం ఎన్నో చూడు: ఎనిమిదితో భాగం పోతే బైనరీ, అయిదుతో పోతే బేకన్ సైఫర్ (అయిదేసి గుర్తులకు ఒక అక్షరం) అనుకుని మొదలుపెట్టు.

అన్నీ మామూలు అక్షరాలే అయితే ఏది ఎన్నిసార్లు వచ్చిందో రాసుకో. ఇంగ్లీషులో ఇ సుమారు 12.7 శాతం, టి 9 శాతం వస్తాయి. లెక్కలో ఇ, టి, ఎ లే ముందుంటే అక్షరాలు మారలేదు, చోటు మారాయంతే. రైల్ ఫెన్స్ (అక్షరాల్ని వరసల మధ్య పైకీ కిందికీ రాసే సైఫర్) లాంటివి ప్రయత్నించు. వేరే అక్షరాలు బాగా ఎక్కువగా వస్తే ఒక అక్షరానికి ఒకటి చొప్పున మార్చారు. ముందు సీజర్ 25 జరుపుళ్ళూ చూసెయ్. అన్నీ ఇంచుమించు సమంగా ఉంటే విజినేర్ (కీ మాటలోని అక్షరాల్ని బట్టి ఒక్కో అక్షరాన్నీ ఒక్కో దూరం జరిపే సైఫర్) అని అనుమానించు. వంద అక్షరాల లోపు ఉంటే ఈ లెక్కని అంతగా నమ్మకు.

విజినేర్‌లో ఒకే మూడక్షరాల గుంపు మళ్ళీ మళ్ళీ వస్తోందేమో చూసి, వాటి మధ్య దూరాలు కొలువు. 18, 30 వచ్చాయనుకో, కీ పొడవు ఆరు కావచ్చు, లేదా మూడో, రెండో. కసిస్కీ అనే ప్రష్యా సైనికాధికారి 1863లో అచ్చువేసిన పద్ధతి ఇదే. ఆటల్లో మాత్రం ఊహించిన మాటతో మొదలుపెట్టడమే త్వరగా తేలుతుంది. సందేశం టి-హెచ్-ఇ తో మొదలైందనుకో. సైఫర్‌లో ఆ చోట ఇ, ఎల్, క్యూ ఉన్నాయి. ఎ ని సున్నాగా లెక్కిస్తే ఇ 4, టి 19. నాలుగులోంచి పందొమ్మిది తీసి 26 కలిపితే 11, అంటే ఎల్. మిగతా రెండూ అలాగే చేస్తే ఎల్, ఇ, ఎమ్ వస్తాయి. పేజీ మూల నిమ్మకాయ బొమ్మ ఎందుకుందో అప్పుడు తెలుస్తుంది: కీ లెమన్. ఎ ని ఒకటిగా లెక్కించావా, కె, డి, ఎల్ వచ్చి తల పట్టుకుంటావు. ఏదీ కుదరనప్పుడు ఒక స్థానం అటూ ఇటూ జరిపి చూడటం అందుకే.

మొదటి మాట సరిగ్గా వచ్చి తర్వాతంతా చెత్త వస్తే కీ తప్పని పారెయ్యకు. కొన్ని టూల్స్ ఖాళీ వచ్చినా కీని ఒక అక్షరం ముందుకు జరుపుతాయి, కొన్ని జరపవు. ఖాళీలు తీసేసి, ఉంచేసి రెండు రకాలుగా చూడు. చేత్తో టైపు చేస్తే పెద్ద ఐ, చిన్న ఎల్, ఒకటి కలిసిపోతాయి. బేస్64 లో అలాంటిది ఒక్కటి తారుమారైనా ఆ ముక్క పాడవుతుంది, కాబట్టి కాపీ చేసుకో. సైబర్‌చెఫ్ అనే వెబ్ టూల్ ఒక్కటి నేర్చుకుంటే ఇవన్నీ బ్రౌజర్‌లోనే అయిపోతాయి.

పాస్‌వర్డ్ పెట్టెలో ప్రోగ్రాముతో వేల మాటలు కుమ్మరించే పని మాత్రం పెట్టుకోకు. సర్వర్ నడిపేవాళ్ళకి అది దాడిలాగే కనబడుతుంది, నిన్ను గెంటేస్తారు. జవాబు సరైనదే అయినా పెట్టె ఒప్పుకోకపోతే అన్నీ చిన్నక్షరాల్లో, ఖాళీల్లేకుండా కొట్టి చూడు. వచ్చిన జవాబు పేజీలోని ఒక విచిత్రాన్ని వివరించి మరోదాన్ని వదిలేస్తే ఇంకా పని ఉందనే అనుకో. మిగిలిపోయిన క్లూ కొన్నిసార్లు తర్వాతి లెవెల్‌కి కీ అవుతుంది, కాగితం పారెయ్యకు.

అప్పటికీ తేలకపోతే పేజీ అడ్రస్, ఒరిజినల్ ఫైల్, అక్షరాల లెక్క పంపు, చూస్తాను. స్క్రీన్‌షాట్ పంపావంటే మాత్రం తెరవను.