ఫోన్‌లో ఆర్డరిస్తే పిస్టల్ ఇంటికొస్తుందా?

(కలెక్టరేట్‌లో ఆయుధ లైసెన్సుల సెక్షన్‌లో పనిచేసి రిటైరైన ఉద్యోగి జవాబులు)

ప్రశ్న: మాది పల్నాడు. మిర్చి వ్యాపారం. గుంటూరు యార్డు నుంచి రాత్రిపూట డబ్బుతో బండి మీద వస్తుంటాను. మా బావమరిది ఫోన్‌లో ఒక పేజీ చూపించాడు. 9 ఎం.ఎం. పిస్టల్ 38 వేలట, ఇంటికే తెచ్చిస్తారట. ముందు 5 వేలు పంపాలి. లైసెన్సు కూడా వాళ్లే చూసుకుంటారట. పంపమంటారా? మా నాన్నగారికి డబుల్ బ్యారెల్ తుపాకీ ఉండేది. ఆయన పోయి ఏడాదైంది. అప్పట్లో ఇంత తతంగం ఉన్నట్టు గుర్తులేదు.

జవాబు: పంపకండి. పంపితే రెండింట్లో ఒకటి జరుగుతుంది. ఆ 5 వేలు పోతాయి, వారం తిరక్కుండా ‘మా మనిషిని చెక్‌పోస్టు దగ్గర ఆపారు, ఇంకో 3 వేలు కొట్టండి’ అని ఫోనొస్తుంది. లేదా నిజంగానే పిస్టల్ ఇంటికొస్తుంది. మొదటిదే నయం.

ఎందుకంటే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు చేతికొచ్చాకే తుపాకీ కొనాలి. లైసెన్సు లేకుండా కొంటే 2019 సవరణ తర్వాత కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు. పైగా ఆ పేజీలో ఉన్నది 9 ఎం.ఎం. అది మామూలు జనానికి ఇవ్వని నిషిద్ధ రకం. దానికి 7 నుంచి 14 ఏళ్లు. ఆన్‌లైన్‌లో బహిరంగంగానే అమ్ముతున్నారు కదండీ అంటే జడ్జిగారు వినరు.

మన దగ్గర ఆన్‌లైన్ అంటే దరఖాస్తు వరకే. కేంద్ర హోం శాఖ వారి ఎన్‌డాల్-అలిస్ పోర్టల్‌లో ఏ-1 ఫారం నింపాలి. అది జిల్లాలో కలెక్టరుకు, కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనరుకు వెళ్తుంది. వయసు 21 నిండాలి. డాక్టరు సర్టిఫికెట్, తుపాకీ జాగ్రత్తగా వాడటంలో శిక్షణ, ఆపైన స్టేషన్ నుంచి ఎంక్వయిరీ. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదని చట్టంలోనే ఉంది. ఆ మాట తెలియక చాలామంది పాసు పుస్తకాల జిరాక్సులు దస్తాల కొద్దీ తెచ్చిచ్చేవారు.

నా టేబుల్ మీద ఫైళ్లు ఎక్కువగా ఆగింది ‘కారణం’ దగ్గర. అందరూ ‘ప్రాణభయం’ అనే రాస్తారు. ఎవరి వల్ల, ఎప్పటి నుంచి అని అడిగితే గోడ వైపు చూస్తారు. మీరు యార్డు పట్టీలు (సరుకు అమ్మిన లెక్క చీటీలు) జతచేయండి. దారి కాసినా, బెదిరించినా స్టేషన్లో ఇచ్చిన ఫిర్యాదు కాపీ పెట్టండి. కాదంటే ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా అడగండి, అప్పీలుకు వెళ్లొచ్చు. అడిగారు కాబట్టి చెబుతున్నాను, నేనైతే ముందు కమీషన్ కొట్టు వాళ్లను ఆ డబ్బు బ్యాంకులో వేయమంటాను.

లైసెన్సు వచ్చాక దాన్ని పట్టుకుని లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గరికి మీరే వెళ్లాలి. .32 రివాల్వరో, తుపాకీయో, లైసెన్సులో ఏది రాసుంటే అదే ఇస్తాడు. తూటాలు కూడా అందులో రాసినన్నే. ఒక మనిషికి రెండే ఆయుధాలు (2019కి ముందు మూడు). ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పగించమంటారు, అప్పుడు గొడవపడొద్దు.

ఇక, మీరు అడగని సంగతి. నాన్నగారి డబుల్ బ్యారెల్ ఇప్పుడెక్కడుంది? బీరువా వెనక ఉంటే మాత్రం, లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకున్న మనిషి మీరే. ఆలస్యం చేయకుండా ఒక లాయరును అడిగి, దాన్ని స్టేషన్లో గానీ డీలర్ దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోండి. తర్వాత వారసుడిగా దరఖాస్తు పెట్టండి. 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న అలాంటి తుపాకీల విషయంలో చట్టం కాస్త మెత్తగానే ఉంటుంది. దాన్ని బండికి కట్టుకుని యార్డుకు వెళ్లలేరనుకోండి! రసీదు జాగ్రత్త. ఆ ముక్క పోగొట్టుకుని మా ఆఫీసు చుట్టూ మూడేళ్లు తిరిగిన ఒక పెద్దావిడ నాకింకా గుర్తే.

ప్రశ్న: కోతుల బెడద భరించలేకపోతున్నాం. ఎయిర్‌గన్ ఆన్‌లైన్‌లో కొనొచ్చా? (ఖమ్మం)

జవాబు: బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 0.177 అంగుళాలు దాటకుండా, గుండు శక్తి 20 జౌల్స్ లోపు ఉంటే లైసెన్సు అక్కర్లేదు. ఫొటో గుర్తింపు కార్డు, చిరునామా రుజువు ఇవ్వండి. అవేవీ అడగని వాడి దగ్గర కొనకండి. 0.22 అని రాసుంటే ఆ పేజీ మూసేయండి. అయితే కొనడం వేరు, కోతిని కొట్టడం వేరు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద మీ మీదే కేసవుతుంది. గురి తప్పితే పక్కింటి పిల్లాడి కన్ను పోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, హెచ్-1బి. అక్కడ ఆన్‌లైన్‌లో తుపాకీ తీసుకుంటానంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇది నా సర్వీసులో చూసింది కాదమ్మా, గ్రీన్ కార్డున్న మా అల్లుడి వల్ల తెలుసుకున్నాను. అక్కడ ఆన్‌లైన్‌లో డబ్బు కట్టొచ్చు గానీ, కంపెనీ నుంచి తుపాకీ ఇంటికి రాదు. లైసెన్సున్న డీలర్ కొట్టుకు వెళ్తుంది. అక్కడ 4473 అనే ఫారం నింపి సంతకం చేయాలి, నేర చరిత్ర చూస్తారు. ఆ ఫారంలోనే ఏ వీసా మీద ఉన్నారో అడుగుతారు. గ్రీన్ కార్డు వాళ్లు కొనొచ్చు. హెచ్-1బి, ఎఫ్-1 వాళ్లకు ఫెడరల్ చట్టం కుదరదంటుంది. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. ఉన్నవి ఉన్నట్టు రాయకపోతే అదే పెద్ద నేరం, వీసాకే ఎసరు. రూమ్మేట్ పేరుతో కొనిపించుకోవడమూ నేరమే. కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ కూడదు. ఆదివారం సరదాగా షూటింగ్ రేంజికి వెళ్లి అద్దె తుపాకీ పట్టుకోవడం కూడా ఇందులోకే వస్తుందని చాలామంది పిల్లలకు తెలియదు. మీవాడు ఇప్పటికే వెళ్లొచ్చాడేమో, ముందది అడగండి.