మన బండి – మీ ప్రశ్నలు: నాయన కొన్న జావాల ఏది అసలుది, ఏది తర్వాత ఎక్కింది?

ప్రశ్న: సార్ నమస్తే, మాది దేవరకొండ దగ్గర పల్లె. మా నాయన 1968ల కొన్న జావా 250 శానా ఏండ్ల సంది కొట్టంల పడి ఉన్నది, ఇప్పుడు బాగు చేపిద్దామని బయటికి తీసినం. మెకానిక్కేమో ట్యాంకు, టూల్ బాక్సులు, హెడ్‌లైట్ డోము అన్నీ తుప్పు వట్టినయి, కొత్తయి తెప్పిద్దాం అంటుండు. ట్యాంకు మీద జావా అనే ఉన్నది గానీ ఇంజన్ కవర్ మీద యజ్డీ అని ఉన్నది. అసలు దీంట్ల ఏవి ఒరిజినల్ పార్టులు, ఎట్ల గుర్తువట్టాలె? – ఒక పాఠకుడు

జవాబు: తమ్మీ, ముందుగాల మెకానిక్‌కు ఫోన్ చేసి ఒక్క పార్టు గూడ పాత ఇనుప సామానోళ్లకు ఎయ్యొద్దని చెప్పు, ఎంత తుప్పు వట్టినా సరే. మిగిలిన ముచ్చట తర్వాత.

ఇంజన్ కవర్ సంగతి చూద్దాం. మైసూర్ల ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961ల బండ్లు తీసుడు మొదలువెట్టింది, 1970లల్ల అదే ఫ్యాక్టరీ జావా పేరు బంద్ చేసి యజ్డీ అని పెట్టింది, మొదట్ల వచ్చిన యజ్డీకి జావాకు దూరం నుంచి చూస్తే తేడా తెల్వది, శానా పార్టులు ఇది దానికి అది దీనికి పడ్తయి. అందుకే 1968 బండికి యజ్డీ కవర్ ఉన్నదంటే అది తర్వాత ఎక్కిందే. అయితే కవర్ ఒక్కటే మారిందా, మొత్తం ఇంజనే మారిందా అన్నది తేల్చుకోవాలె. ఆర్‌సీ బయటికి తియ్యి, అందుల ఉన్న ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్ రెండూ బండి మీద గుద్దిన నంబర్లతోని కలిపి చూడు, కిరోసిన్ గుడ్డతోని తుడిస్తే కనవడ్తయి, సుత్తెతోని గీకకు. నంబర్ కలిస్తే ఇంజన్ మీ నాయన కొన్నదే, జావా కవర్ ఒక్కటి దొరికిచ్చుకుంటే చాలు. కలవకపోతే అది వేరే బండి ఇంజన్, అప్పుడు ఖర్చు పెట్టేముందు ఆర్టీఏ ఆఫీసుల ఆ సంగతి అడుగు. ట్యాంకు మీద బ్యాడ్జ్ చూసి మాత్రం ఏదీ నమ్మకు, జావా బ్యాడ్జ్ బయట కొత్తది దొరుకుతది, యజ్డీ ట్యాంకుకు అది కొట్టి జావా అని అమ్మినోళ్లు మస్తు మంది ఉన్నరు.

ఇగ ట్యాంకు. రెండు పక్కల మోకాళ్లు ఆనే రబ్బరు ప్యాడ్లు ఉంటయి చూడు, అవి మెల్లగ తీసి కింద చూడు. ఎండ, వాన తగలని జాగ అది, పాత రంగు, పాత క్రోమ్ అక్కడనే బతికి ఉంటయి. పైన మొత్తం సిల్వర్ పెయింట్ కొట్టి ఉన్నా రబ్బరు కింద క్రోమ్ మెరిసిందంటే ఆ ట్యాంకును పట్టుకొని కూసో. తర్వాత ట్యాంకు ఫ్రేమ్ మీద ఆనే అడుగు భాగంల వెయ్యి నంబర్ వాటర్ పేపర్‌తోని నీళ్లు పోసుకుంట రూపాయి బిళ్లంత జాగ రుద్దు, పైరంగు, దానికింద ఇంకో రంగు, దానికింద ప్రైమరు, గుండ్రంగ పొరలు పొరలు బయటవడ్తయి. అన్నిటికన్న కింద ముదురు మెరూన్ వచ్చిందంటే మంచి గుర్తు. అయస్కాంతం గూడ పెట్టి చూడు, మధ్యల ఒక పల్చటి గుడ్డ అడ్డం పెట్టు, అంటుకోకుంట జారే జాగల లప్పం మందంగ ఉన్నట్టు, అంటే అక్కడ ఎప్పుడో సొట్ట వడ్డది. సొట్ట వడ్డ ట్యాంకు పారేసే ట్యాంకు కాదు. లోపల చూసేటందుకు టార్చ్ పట్టుకో, అగ్గిపుల్ల, లైటర్ దగ్గరికి రానియ్యకు, ఖాళీ ట్యాంకుల నిలిచిన పెట్రోల్ ఆవిరే ఎక్కువ ప్రమాదం.

టూల్ బాక్సుల దగ్గర నీ వేళ్లనే నమ్ము. మూత తీసి లోపలి మూలల వేలు పెట్టి తిప్పు. ఫ్యాక్టరీల డై (అచ్చు) మీద ఒత్తిన రేకు మూల దగ్గర గూడ ఒక్కటే వంపుగ, నున్నగ తిరుగుతది. చేత్తోని కొట్టి చేసిందయితే లోపల సుత్తె దెబ్బల గుంతలు తగుల్తయి, మూలల వెల్డింగ్ కొట్టి గ్రైండ్ చేసిన గీత తగుల్తది. మూత నడిమిట్ల బొటనవేలుతోని ఒత్తు, టక్కుమని లోపలికి పోయి మళ్ల పైకి వస్తే అది పల్చని రేకు, కొత్త మాల్. అసలు దానికి బోల్టు రంధ్రాలు ఫ్రేముతోని తిన్నగ కలుస్తయి, కొత్తదాన్ని కూర్చోబెట్టాలంటే ఆకురాయితోని రంధ్రం సాగదీయాలె. గందుకే నేను తుప్పు వట్టిన అసలు బాక్సుకే ఓటేస్త, మంచి వెల్డర్ దొరికితే అడుగున ముక్క అతికిచ్చుకున్నా అదే నయం.

హెడ్‌లైట్ డోము లోపల గూడ చూడు, వైర్లు దాగే జాగకు ఎవడూ మళ్ల రంగు కొట్టడు, అందుకే అక్కడ పాత రంగే ఉంటది. చక్రాల సైజ్ గూడ టైర్ మీద చదువు, జావాకు 16 ఇంచులు, 1978ల వచ్చిన యజ్డీ రోడ్‌కింగ్‌కు 18. మడ్‌గార్డ్‌కు టైరుకు నడుమ సందు తేడాగ కనవడితే అనుమానపడు. చైన్ మొత్తం మూసే రేకు కేసు ఉన్నదా లేదా చూడు, శానా మంది మెకానిక్‌లు చైన్ పని తేలికయితదని అది ఊడదీసి పారేసిన్రు, నాకు అదే బాధ. లేకపోతే హైదరాబాద్‌ల పుత్లీబౌలి, జాంబాగ్ దిక్కు ఓపికతోని తిరిగి పాతదే వెతుకు. సైలెన్సర్లు రెండు ఉండాలె, ఒక్క సిలిండరే అయినా పొగ రెండు దిక్కుల పోతది. 2018ల మళ్ల వచ్చిన జావా పార్టులు అడగకు, అది ఫోర్ స్ట్రోక్ 293 సీసీ, పేరు ఒక్కటే గని బండి వేరు.

ఇంతగనం ఎందుకు చెప్తున్ననంటే, 2021ల సెంట్రల్ గవర్నమెంట్ వింటేజ్ బండ్లకు రూల్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏండ్లు దాటాలె, బండి అసలు రూపంల ఉండాలె, ఛాసిస్, బాడీ, ఇంజన్‌ల పెద్ద మార్పు ఉండొద్దు. కొత్తగ రిజిస్టర్ చేస్తే ఫీజు 20,000, మళ్ల చేపిస్తే 5,000, పదేండ్లు చెల్లుతది, పాత నంబర్ ఉంటే అదే ఉంచుకోవచ్చు. రోజూ పనికి తిప్పుడు మాత్రం కుదరదు. మీ బండి 1968ది కాబట్టి వయసు సరిపోతది, పార్టులు కాపాడుకుంటేనే మిగతాది.

ప్రశ్న: అన్నా, మాది జడ్చర్ల. రాజ్‌దూత్ 175 పాతదానికి ముందు మడ్‌గార్డ్ తెచ్చిన, ఎంత తిప్పినా కూర్చుంటలేదు. వెల్డింగ్ కొట్టిపియ్యాల్నా? – ఇంకో పాఠకుడు

జవాబు: వద్దు తమ్మీ, ముందు ఫోర్క్ చూడు, అంటే ముందు చక్రాన్ని పట్టుకొని ఉండే భాగం. పాత రాజ్‌దూత్ పోలండ్ ఎస్‌హెచ్‌ఎల్ ఎం11 బండిని చూసి ఎస్కార్ట్స్ తీసింది, దానికి ముందు చక్రం అడ్డంగ ఉన్న చేతుల మీద ఊగుతది, సస్పెన్షన్ బయటికి కనవడ్తది. తర్వాత వచ్చినయాటికి మామూలు టెలిస్కోపిక్ ఫోర్క్, అంటే గొట్టంల గొట్టం జారేది. ఒకదాని మడ్‌గార్డ్ పట్టీలు ఇంకోదానికి కలవయి, నీకు ఇచ్చింది రెండో రకందయి ఉంటది. వెల్డింగ్ కొట్టియ్యకుంట అట్లనే తీస్కపోయి మార్పిచ్చుకో, పోయేటప్పుడు నీ ఫోర్క్ ఫొటో, పట్టీ బోల్టుల నడుమ కొలత రెండూ వెంట వట్టుకపో.