ఒంగోలు పోటీకి వెళ్లే ముందు

చిట్టితల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

జిల్లా స్థాయి వక్తృత్వ, నాయకత్వ పోటీకి మీ కాలేజీ నుంచి నిన్ను పంపుతున్నారని నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషంగా ఉందమ్మా. నువ్వు పంపిన ప్రసంగం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ అందులో మన ఊరు ఎక్కడా లేదు. 'నీరే ప్రాణాధారం', 'నేటి యువతే రేపటి పౌరులు' అని నింపిన మొదటి పేజీ మొత్తం తీసెయ్యి. ఇలాంటి పోటీలకు ఏళ్ల తరబడి జడ్జిగా కూర్చున్నాను కాబట్టి చెబుతున్నా, ఆ మాటలు ప్రతి ఒక్కరూ చెబుతారు, ఎవరికీ గుర్తుండవు.

నీకిచ్చిన అంశం తాగునీరు, యువత పాత్ర. ఫ్లోరైడ్ నీళ్ల గురించి మన కనిగిరి వైపు వాళ్లకంటే బాగా ఎవరు చెప్పగలరు? మీ పక్కింటి అవ్వను చూడు. అరుగు మీంచి లేవాలంటే మోకాళ్ల మీద రెండు చేతులూ ఆనించి, కాసేపు ఆగి, అప్పుడు లేస్తుంది. లేచినా నడుం నిటారుగా నిలవదు. అక్కడ మొదలుపెట్టు. లెక్క ఆ తర్వాత చెప్పు: మన దేశ ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు సర్దుకోవచ్చు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల పాటు తాగితే పిల్లల పళ్ల మీద మచ్చలు పడతాయి, ఇంకా ఎక్కువైతే పెద్దవాళ్లకు ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. కాచుకుని తాగితే సరిపోతుందని మన వాళ్లు చాలామంది నమ్ముతారు. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఈ ముక్క నెమ్మదిగా చెప్పి, ఒక్క క్షణం ఆగు. విన్నవాళ్లు ఇంటికెళ్లి అమ్మకు చెబుతారు.

ఇక యువత పాత్ర దగ్గర 'అవగాహన కల్పించాలి' అని వదిలెయ్యకు. మీ వీధి బోరు నీళ్లు సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించు. వచ్చిన ఫలితం ఊరి సచివాలయం బోర్డు మీద పెట్టమని అడుగు. పోటీకి ఇంకా టైముంది కదా, ముందే చేసి వెళ్లు. చేసిన పని చెప్పేటప్పుడు గొంతులో బలం దానంతటదే వస్తుంది.

నాయకత్వానికి ఉదాహరణ అంటే అందరూ పొట్టి శ్రీరాములు గారినో, ప్రకాశం పంతులు గారినో ఎత్తుకుంటారు. వాళ్లు మహానుభావులే. నువ్వు మాత్రం నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల గురించి చెప్పు. అక్షరాస్యత ఉద్యమంలో చదువు నేర్చుకుంటూనే, తమ ఊరి రోశమ్మ గారితో కలిసి సారాకు ఎదురు తిరిగారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటి రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. వాళ్లు ఉపన్యాసాలు నేర్చుకున్నవాళ్లు కారు. బాధ తమది, మాట తమది, పక్కన పదిమంది ఉన్నారు.

బట్టీ పట్టకు తల్లీ. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు నోటికి రానీ, మధ్యలోవి అట్ట ముక్క మీద నాలుగు మాటలుగా రాసుకో. పల్చటి కాగితమైతే చేతిలో వణుకు అందరికీ కనిపిస్తుంది. మేడ మీద నడుస్తూ మాట్లాడి ఫోన్‌లో రికార్డు చెయ్యి, టైము చూసుకో. ఇచ్చిన సమయానికి అర నిమిషం ముందే ముగిసేలా కుదించు. మైకు నోటికి బెత్తెడు దూరంలో ఉండాలి, ఎత్తు సరిచేసుకున్నాకే మాట మొదలుపెట్టు. మన యాస దాచుకోవద్దు, అది చూసి మార్కులు తగ్గించే జడ్జి మంచి జడ్జి కాదు. టెన్షన్ అందరికీ ఉంటుంది, మొదటి వాక్యం నిదానంగా పలికితే చాలావరకు దిగిపోతుంది.

బృంద చర్చలో అరిచి నెగ్గాలని చూడకు. మాట్లాడలేక కూర్చున్న పిల్లవైపు తిరిగి 'మీరేమంటారు?' అని అడుగు, ఆమె చెప్పింది నిజంగా విను. నేనైతే ఎక్కువ మార్కులు అక్కడే వేసేవాణ్ణి.

ప్రశ్న వేస్తే వెంటనే అందుకోకు, పూర్తిగా విను. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పు, కల్పించి చెబితే జడ్జికి ఇట్టే తెలిసిపోతుంది.

ప్రసంగం తిరగరాసి ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. నేను జడ్జిలాగా అడ్డ ప్రశ్నలు వేస్తాను, నువ్వు నిలబడి జవాబు చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న