డిసెంబరులో బ్యాంకు పని, పీజీ పరీక్షలు, పుట్టింటి సెలవు: ఏది వాయిదా వేయాలి?

మీరు ఒడిశాలోని రాయగడలో గ్రామీణ బ్యాంకు ఉద్యోగం చేస్తూ ఈ జనవరిలో ఇగ్నోలో (దూరవిద్య నడిపే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో) ఎం.ఏ. ఎకనామిక్స్‌లో చేరారనీ, డిసెంబరులో త్రైమాసికం ముగింపు పనులూ పరీక్షలూ ఒక్కసారే వచ్చి పడుతున్నాయనీ, పార్వతీపురంలో ఉన్న అమ్మగారు బాబును తీసుకుని పది రోజులు వచ్చి ఉండమంటున్నారనీ, మూడింటికీ సమానంగా న్యాయం చేయడం ఎలాగనీ అడిగారు. నేను గుణుపూరులో ఒక బ్యాంకు శాఖలో పనిచేస్తూ అదే విశ్వవిద్యాలయం నుంచి ఎం.కాం. చేశాను. రెండేళ్ల చదువు నాకు మూడున్నరేళ్లు పట్టింది. ఆ ఆలస్యంలో కొంత నా తెలివితక్కువతనం, ఎక్కువ భాగం మాత్రం నేను కావాలని పెట్టుకున్నది. సమానంగా న్యాయం చేయాలనే ప్రయత్నాన్ని మొదటి ఏడాది నేనూ చేశాను కనుక, ముందు దాని సంగతి చెబుతాను.

2022 డిసెంబరు పరీక్షలకు ఆరు పేపర్లకూ ఫారం నింపాను. అంతకు ముందు నెల నవంబరు. పింఛనుదారులందరూ జీవన ధ్రువీకరణ పత్రాల కోసం శాఖకు వచ్చే నెల అది. కొందరికి వేలిముద్ర పడదు, కొందరికి ఆధార్‌లో ఫోన్ నంబరు మారిపోయి ఉంటుంది. పదిమంది పెద్దవాళ్లకు ఓపిగ్గా పని చేసి పంపేసరికి పూట గడిచిపోయేది. డిసెంబరులో ధాన్యం డబ్బు ఖాతాల్లో పడడం మొదలవుతుంది, వెనకే అప్పుల బకాయిలు 90 రోజులు దాటి మొండి బాకీలు కాకుండా 31వ తేదీలోగా కట్టించుకోవాలనే ఒత్తిడి వస్తుంది. చివరికి నేను రాసినవి నాలుగు పేపర్లు, అందులో ఒకటి పోయింది. అది కూడా నన్ను అంత బాధించలేదు. పరీక్షల మధ్య దొరికిన మూడు రోజుల కోసం టెక్కలిలో మా అమ్మ దగ్గరకు వెళ్లినప్పుడు సంచిలో పుస్తకాలు వేసుకెళ్లాను. 43వ పేజీలో గుర్తుగా పెట్టుకున్న బస్సు టికెట్టు, తిరిగి వచ్చేటప్పుడు చూస్తే 46వ పేజీలో ఉంది. అమ్మ నాకోసం అరిసెలు వండింది, అవి ఎలా ఉన్నాయో ఇప్పటికీ చెప్పలేను. చదువూ కాలేదు, విశ్రాంతీ కాలేదు, పిల్ల నన్ను పిలవడం మానేసి నేరుగా అమ్మమ్మనే పిలవడం మొదలుపెట్టింది.

ఆ జనవరిలో తీరికగా కూర్చుని ఒక లెక్క వేశాను, ఇది చేరకముందే వేయవలసింది. ప్రతి పేపరుకూ దాని బరువును బట్టి ఇన్ని క్రెడిట్లని ఉంటాయి, ఒక క్రెడిట్‌కు 30 గంటల చదువు అవసరమని ఇగ్నో చెబుతుంది. ఆ ప్రకారం ఆరు క్రెడిట్ల పేపరుకు 180 గంటలు, నాలుగు క్రెడిట్లదైతే 120 గంటలు. ఆరు క్రెడిట్ల పేపర్లు ఆరు ఉంటే 1,080 గంటలు, అంటే జనవరి నుంచి నవంబరు దాకా ఒక్క రోజు కూడా తప్పకుండా రోజుకు మూడు గంటల పైమాట. అంత సమయం లేకపోయినా గట్టెక్కవచ్చు గానీ, సగం కూడా లేనప్పుడు మనం పరీక్షకు కాక అదృష్టానికి ఫారం నింపుతున్నట్టే.

ఆ లెక్కతో పాటు మరొకటి కూడా కనిపించింది. మూడు బాధ్యతల్లో మరో తేదీ ఉన్నది చదువుకు ఒక్కదానికే. త్రైమాసికం ముగింపును బ్యాంకు జనవరికి జరపదు, బడి సెలవులు మన వీలు చూసి రావు, కానీ డిసెంబరులో రాయని పేపరును జూన్‌లో రాసుకోవచ్చు. రెండేళ్ల పీజీని నాలుగేళ్లలోగా ముగించే వెసులుబాటు ఉన్నది మనలాంటి వాళ్ల కోసమే అని నా అభిప్రాయం. దాన్ని వాడుకోవడం చిన్నతనంగా భావించి నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను. చాలా కోర్సుల్లో 30 శాతం మార్కులు ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంట్లకే ఉంటాయి కనుక, రాయదలచుకున్న పేపర్ల అసైన్‌మెంట్లను నవంబరు రద్దీ మొదలుకాక ముందే పంపించేస్తే బరువులో మంచి భాగం దిగిపోతుంది.

అందుకని 2023 డిసెంబరుకు రెండే పేపర్లు ఎంచుకున్నాను. పరీక్ష తేదీల పట్టిక (డేట్‌షీటు) రాగానే దాన్ని ముద్రించి మేనేజరు గారికి అక్టోబరులోనే ఇచ్చాను. మధ్యాహ్నం రెండు గంటల పేపరుకు సగం రోజు సెలవు సరిపోతుందని ముందే చెప్పగలగడం వల్ల ఆయనా సర్దుకున్నారు. ఇక సెలవు సంగతి. ఆ ఏడాది డిసెంబరు 23 బ్యాంకులకు సెలవైన నాలుగో శనివారం, మర్నాడు ఆదివారం, 25 క్రిస్మస్ సోమవారం. ముందొక రోజూ వెనకొక రోజూ సెలవు పెట్టి అయిదు రోజులు టెక్కలిలో గడిపాను. నౌపడ వైపు వెళ్లే రైలు ఎక్కిన దగ్గర నుంచి ఫోను మా ఆయన దగ్గర ఉంచాను, పుస్తకం ఒక్కటి కూడా తీసుకెళ్లలేదు. మొదటి రోజంతా చేతులు ఖాళీగా ఉన్నట్టు ఇబ్బందిగా అనిపించింది, రెండో రోజు మధ్యాహ్నం అన్నం తిని నాలుగు గంటలు నిద్రపోయాను. తిరిగి వచ్చాక 31వ తేదీ దాకా రాత్రి ఎనిమిదింటికి ముందు ఇంటికి చేరిన రోజు లేదు, అయినా ముందటి ఏడాది పడ్డ విసుగు లేదు.

సెలవే విశ్రాంతి అనుకోవద్దని చెప్పడానికి మా ఇంటి గురువారాల మాట కూడా ఇక్కడ చెప్పాలి. మా అత్తగారు మార్గశిర మాసంలో చుట్టుపక్కల ఒడియా వారితో కలిసి మాణబసా గురువారాలు చేస్తారు. మాణ అంటే మన మానిక వంటి ధాన్యపు కొలత, దానిలో కొత్త వడ్లు పోసి లక్ష్మీదేవిగా పూజిస్తారు. వారి మార్గశిరం పౌర్ణమి మర్నాడు, మనది అమావాస్య మర్నాడు మొదలవుతుంది కనుక మా ఇంట్లో ఈ వ్రతం టెక్కలిలో కంటే పదిహేను రోజుల ముందే వస్తుంది, దీని మీద మా అమ్మకూ అత్తగారికీ ఏటా ఒక చర్చ జరుగుతుంది. 2022లో ఈ గురువారాలు నాకు అదనపు చాకిరీగానే కనిపించాయి. మరుసటి ఏడాది తెల్లవారుజామున రెండు గంటలు వాటికే విడిచిపెట్టి, బియ్యప్పిండి కలిపి పిల్లతో కలిసి వాకిట్లో వరి కంకులూ లక్ష్మి పాదాలూ వేశాను. మా అత్తగారు నా పాదాలు కొంగ అడుగుల్లా ఉన్నాయన్నారు. వారం మధ్యలో ఆ రెండు గంటలు నన్ను నిలబెట్టినట్టు ఆదివారాలు నిలబెట్టలేదు, ఎందుకంటే ఆదివారం పూట చదవడం లేదే అన్న బెంగ మనసులో ఉండనే ఉంటుంది.

మీ విషయంలో పది రోజులు కుదరవు, అమ్మగారికి ఆ మాట ఇప్పుడే చెప్పడం మంచిది. ఈ 2025లో క్రిస్మస్ గురువారం వచ్చింది, 27వ తేదీ నాలుగో శనివారం. శుక్రవారం 26న ఒక్క రోజు సెలవు దొరికితే 25 నుంచి 28 దాకా నాలుగు రోజులు పార్వతీపురంలో ఉండవచ్చు, 29 ఉదయానికి మీరు సీటులో ఉంటారు. పేపర్ల విషయంలో మీరు ఇప్పటికి నిజంగా ఎన్ని గంటలు చదివారో కాగితం మీద రాసుకుని, అది రెంటికి సరిపోతే రెండే నింపండి. మీ వారు మూడైనా రాయమంటున్నారని రాశారు, ఆ మూడో పేపరు చదివే వారాల్లో బాబును బడికి తయారు చేసే పని ఆయన తీసుకుంటారేమో ముందు అడిగి చూడండి. పరీక్ష ఫారానికి ఇంకా గడువు ఉంటుంది గానీ, సెలవు చీటీ మాత్రం ఈ వారమే ఇచ్చేయండి. ఇది ఇంకా సెప్టెంబరే, అయినా మా శాఖలో డిసెంబరు 26వ తేదీకి అప్పుడే ఇద్దరు పేర్లు రాయించుకున్నారు.